నీరజ లోపల వదిలిన రెండంగుళాలు

నీరజ మొదటి గెలుపు ముప్పై ఆరు మార్కులు. పదో తరగతి లెక్కల పరీక్ష మూడుసార్లు తప్పి, నాలుగోసారి రాసి తెచ్చుకున్న మార్కులవి. ముప్పై అయిదుకే గట్టెక్కుతారు, మా పిల్ల ఒకటి ఎక్కువే తెచ్చిందని తండ్రి ఎబినేజర్ గారు ఆ సాయంత్రం బూందీ పొట్లాలు పట్టుకుని రేపల్లెలో మన పేటంతా తిరిగారు. ఫస్టుక్లాసు వచ్చిందేంటండీ అని ఒకాయన ఎకసెక్కెంగా అడిగితే, "ఫస్టుక్లాసు ఒకసారి రాసేవాళ్ళకి వస్తుంది. నాలుగుసార్లు రాయడం ఎంతమందికి వస్తుందో చెప్పండి" అన్నారు. ఆయన మన లూథరన్ సంఘానికి పెద్ద. ఎక్కడ నిలబడినా ఇంట్లోవాళ్ళ ఘనత నాలుగు మాటలు చెప్పకుండా కదిలే మనిషి కాదు. చెప్పదగ్గ ఘనత ఉన్నప్పుడు చెప్పుకోవడంలో తప్పూ లేదు.

ఆ ముప్పై ఆరుతో నీరజ ఆగిపోలేదు. రోజూ పొద్దున్నే రైలెక్కి తెనాలి వెళ్ళి, అక్కడ సుబ్బాయమ్మ గారనే టైలరమ్మ దగ్గర కుట్టుపని నేర్చుకుంది. మొదట్లో ఆవిడ కత్తెర ముట్టుకోనిస్తేనా! కాజాలు కుట్టించింది, హుక్కులు వేయించింది, గుడ్డపీలికలు ఊడ్పించింది. నీరజ ఊడ్చింది, కుట్టింది, కత్తెర చేతికొచ్చేదాకా ఆ గుమ్మం వదల్లేదు. తర్వాత స్టేషను రోడ్డులో సొంత కొట్టు పెట్టింది. ఆ రోడ్డులో ఆడమనిషి పేరుతో బోర్డు కట్టిన మొదటి కుట్టుకొట్టు అదే. జంపనిలో ఒక పెళ్ళికూతురి జాకెట్టు ఎవరో పాడుచేస్తే, పెళ్ళికి ముందురోజు పగలంతా కూర్చుని విప్పి మళ్ళీ కుట్టి ఆ ఇంటి పరువు నిలబెట్టింది. సంఘం పాటల బృందంలో ఆడగొంతులు చాలవంటే పేటలో ఆడపిల్లల్ని పోగుచేసి నేర్పింది. బాపట్ల పాటల పోటీలో ఆ పిల్లలు తెచ్చిన కప్పు ఇప్పటికీ చర్చి బీరువాలో ఉంది. భర్త మోషే రైసుమిల్లులో మెకానిక్కు. "మా ఇంట్లో రెండు మిషన్లండి. ఒకటి తొక్కితే తిరుగుతుంది, రెండోదాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు" అంటాడు నవ్వుతూ.

ఇవన్నీ ఒక ఎత్తు. పోయినేడు శ్రమకాలంలో నీరజ చేసిన పని ఒక్కటీ ఒక ఎత్తు. దానికి ఏ కప్పూ రాలేదు. అయినా మేనకోడలు కెజియా ఇవాళ మన మధ్య నవ్వుతూ తిరుగుతోందంటే ఆ పని వల్లనే. అందుకే అది రాసిపెట్టాలి. ఇందులో ప్రతి ముక్కా కెజియా చదివి, సరేనన్నాకే మన సంఘ పత్రికలో అచ్చుకు వెళుతోంది.

కెజియా నీరజ అన్న లాజరు కూతురు. లాజరు బాపట్ల కలెక్టరాఫీసులో గుమాస్తా; పొద్దున బస్సెక్కితే పొద్దుగూకాకే ఇల్లు చేరడం. తల్లి మార్తమ్మ అంగన్‌వాడీ టీచరు. కెజియాకి అప్పుడు పదహారేళ్ళు, తెనాలిలో ఇంటరు మొదటి సంవత్సరం, ఎంపీసీ. కాలేజీ అయి రైలు దిగితే ముందు మేనత్త కొట్టుకే వచ్చేది. మిషను పక్కన చిన్న బల్ల ఉంటుంది, అది ఆ పిల్ల సింహాసనం. మిరపకాయ బజ్జీ నములుతూ లెక్చరర్లు ఎలా నడుస్తారో, ఎలా దగ్గుతారో చేసి చూపిస్తుంటే, కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. "కదలకండి పిన్నీ, కొలత తప్పుతుంది" అని నీరజ కసురుకునేది, తనూ నవ్వుతూనే.

క్రిస్మసు దగ్గర పడేసరికి ఆ బల్ల ఖాళీ అయింది. రైలు దిగి పిల్ల తిన్నగా ఇంటికి పోతోంది. ఇంటరు చదువు కదా, తలమునకలుగా ఉండి ఉంటుందనుకుంది నీరజ. బల్లమీద గుడ్డల మూటలు పెట్టుకుంది.

రెండు నెలలు పోయాక శ్రమకాలం వచ్చింది. మన ఇళ్ళల్లో సంగతి అందరికీ తెలిసిందే: బూడిద బుధవారం మొదలుకొని ఈస్టరు దాకా నలభై రోజులు పగలు ఉపవాసం, సాయంత్రం ఒక్కోరోజు ఒక్కో ఇంట్లో ప్రార్థన, అది ముగిశాకే భోజనం. దాంతోపాటు ఎవరికి ఏది బాగా ఇష్టమో ఆ నలభై రోజులూ దాన్ని వదులుకోవాలి. ఒకరు టీ వదులుతారు, ఒకరు చేపల పులుసు, ఒకరు టీవీ. వదులుకున్నదాన్ని బట్టి మనిషి భక్తిని కొలవడం కూడా మనకు అలవాటే.

ఆ కొలత ప్రకారం ఆ ఏడు కెజియాని మించినవాళ్ళు పేటలో లేరు. టీ మానేసింది. ఫోను అమ్మకిచ్చేసింది. పాటల సాధనకు రావడం మానేస్తే, పాటంటే ప్రాణం కదా, ఆ పాటే వదులుకుందన్నారు. షటిలు బ్యాటు పక్కింటి పిల్లకిచ్చింది. పదో తరగతిలో మంచి మార్కులొచ్చాయని లాజరు కొనిచ్చిన గడియారం, అడక్కుండానే, ఒక స్నేహితురాలి చేతికి పెట్టింది. ఎవరితోనూ మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకుంటే, ధ్యానంలో ఉంది కదిలించొద్దు అన్నారు. మార్చిలో లెక్కల పరీక్ష సగంలో లేచి వచ్చేస్తే, ఉపవాసపు నీరసం అని తాతే సర్దిచెప్పారు. ప్రార్థనలో ఆడవాళ్ళు వచ్చి ఆ పిల్ల తల నిమిరి వెళ్ళేవాళ్ళు. పదహారేళ్ళకే ఎంత వైరాగ్యమో అనేవాళ్ళు. నీరజ కూడా తక్కువేం తినలేదు. కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళతోనూ, మా పిల్ల మమ్మల్నందరినీ దాటిపోయిందని చెప్పుకుని మురిసిపోయింది.

అందరికంటే ఎక్కువ మురిసింది ఎబినేజర్ గారు. శుభ శుక్రవారం ఆరాధనలో, ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల్ని ఏడుగురు ఒక్కొక్కటిగా తీసుకుని మాట్లాడతారు. ఏళ్ళ తరబడి సేవ చేసినవాళ్ళకు దక్కే గౌరవం అది. ఆయన పాస్టరుగారి దగ్గర కూర్చుని, పట్టుబట్టి, "నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" అనే నాలుగో మాట మనవరాలికి ఇప్పించారు. ఇంత చిన్నపిల్ల ఆ మాట తీసుకోవడం మన సంఘ చరిత్రలో లేదని ఊరంతా చెప్పొచ్చారు. పిల్లను అడిగితే తల ఊపింది. కాదనడానికి కూడా ఓపిక లేక ఊపిన తల అది అని ఎవరికి తెలుసు?

ఈస్టరు తెల్లవారుజామున సమాధుల దగ్గర పాడేందుకు పాటల బృందం ఆడపిల్లలందరికీ తెల్ల డ్రెస్సులు కుట్టడం నీరజ పని. అందరి కొలతలూ అయిపోయాయి, కెజియా మాత్రం రాలేదు. రెండుసార్లు కబురు పెట్టింది. మూడోసారి, పోనీలే, క్రిస్మసుకి కుట్టిన డ్రెస్సు ఉంటుంది కదా, దాన్నే కొలతకి ఆదిగా పెట్టుకుని కత్తిరిద్దామని తనే మధ్యాహ్నం అన్నగారింటికి వెళ్ళింది. మార్తమ్మ అంగన్‌వాడీలో ఉంది. కెజియా పరీక్షలయ్యాక ఇంట్లోనే ఉంటోంది, తలుపు తీసి మళ్ళీ వెళ్ళి పడుకుంది.

బీరువాలో ఆ డ్రెస్సు అడుగున దొరికింది. నీరజ ఇచ్చిన కవరులోనే ఉంది. మడత విప్పితే వేలికి చురుక్కుమంది. మడత చెదరకుండా తను గుచ్చిన గుండుసూదులు అలాగే ఉన్నాయి. ఒక్కటీ తీయలేదు.

నీరజ ఆ సూదులవంక చూస్తూ మంచం అంచున కూర్చుండిపోయింది. క్రిస్మసు రోజు జ్వరమని చర్చికి రాలేదు కెజియా. అది నమ్మారు. కొత్త డ్రెస్సు తొడిగి చూసుకోకుండా ఉండే పిల్ల కాదు. ఇంకా హెమ్మింగు కాకముందే తొడుక్కుని అద్దం ముందు తిరిగే పిల్ల. ఆ బల్ల ఖాళీ అయింది కూడా అప్పుడే కదా. బూడిద బుధవారం అప్పటికి ఎంత దూరం! శ్రమకాలం కోసం ఈ పిల్ల ఏదీ వదులుకోలేదు. అది రాకముందే అన్నీ వదిలేసింది. తామే ఒక్కోదానికీ భక్తి అని పేరు పెట్టి చూస్తూ కూర్చున్నారు.

గొంతు మామూలుగా ఉండేలా చూసుకుని, "లే తల్లీ, కొట్టుకి రా, కొలత తీసుకోవాలి" అంది.

కెజియా ఇటు తిరగలేదు. "నాకెందుకత్తా ఈసారి. ఆ గుడ్డ ఇంకెవరికన్నా కుట్టు."

మామూలు మాటే. నీరజకి మాత్రం అది మామూలుగా వినపడలేదు. వదల్లేదు. చెయ్యి పట్టుకుని లేపి, చున్నీ సర్ది, ఎండలో గొడుగు పట్టి కొట్టుకి తీసుకొచ్చింది. బల్లమీద మూటలు కింద పెట్టింది. షట్టరు సగం దించింది. కొలత తీసుకుంటుంటే ఆ పిల్ల చేతులెత్తమంటే ఎత్తింది, దించమంటే దించింది. క్రిస్మసు కొలతకంటే టేపు రెండంగుళాలు లోపలికి వచ్చింది.

మనిషన్నాక తనకు తెలిసిన మందే ముందు వేస్తుంది. నీరజకి తెలిసిన మందు ముప్పై ఆరు మార్కులు. పిల్లను బల్లమీద కూర్చోబెట్టి ఆ కథ ఎత్తుకుంది. మొదటిసారి పద్దెనిమిది, రెండోసారి ఇరవై రెండు, మూడోసారి ముప్పై ఒకటి, వీధిలో వాళ్ళ ఎత్తిపొడుపులు, చివరికి ముప్పై ఆరు. లెక్కల పరీక్ష పోతే పోయింది, మళ్ళీ రాద్దువుగాని, నా అంత మొద్దువి కావు కదా అంది. ఆ కథకి ఎప్పుడూ నవ్వే పిల్ల నేలవంక చూస్తూ విన్నది. విని, మెల్లగా అంది:

"నువ్వు ప్రతిసారీ మళ్ళీ రాయాలనుకున్నావత్తా. నాకు ఆ అనుకోవడమే రావట్లేదు."

ఇన్నేళ్ళూ అందరికీ చెప్పుకుంటూ వచ్చిన కథ, మొట్టమొదటిసారి, ఎవరికీ అక్కర్లేని గుడ్డపీలికలా కింద పడింది. నీరజ చెప్పడం మానేసి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. అడగాల్సింది ఏంటో తెలుస్తూనే ఉంది, అడగడానికే భయం. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమో అని ఒక భయం, అవునంటే ఏం చెయ్యాలో తెలీదని ఇంకో భయం. అయినా ఆ పిల్ల రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని సూటిగా అడిగేసింది.

"చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా?"

బయట రోడ్డుమీద ఆటో ఒకటి ఆగింది, ఎవరినో దింపి పోయింది. కెజియా, "రోజూ పడుకునేముందు, లేవకుండా ఉంటే బాగుండుననిపిస్తోంది" అంది. చెప్పి, మేనత్త ముఖంలోకి చూసింది, ఇక ఇప్పుడు తిట్టు అన్నట్టు.

అలా అనుకోవడం పాపం అన్న మాట నీరజ నాలుక చివరిదాకా వచ్చింది. సండేస్కూల్లో చిన్నప్పటినుంచీ తను విన్నదీ, పిల్లలకు తను నేర్పిందీ ఆ మాటే. మింగేసింది. అమ్మానాన్నా ఏమైపోతారనే మాట వచ్చింది. అదీ మింగేసింది. ఆ రోజు ఆ రెండు మాటలు మింగడం ముప్పై ఆరు మార్కులకంటే కష్టమైందని ఇప్పటికీ అంటుంది.

"నాతో చెప్పావు, మంచిపని చేశావు. ఇక ఇది నువ్వొక్కదానివే మోసేది కాదు" అంది.

కెజియా ఏడ్చింది. అంతకుముందు ఎన్నాళ్ళనుంచో ఏడుపు కూడా రావట్లేదట. నీరజ వద్దనలేదు, ఊరుకోమ్మా అనీ అనలేదు. ఏడవనిచ్చి, పక్క హోటలునుంచి ఇడ్లీ తెప్పించి, తింటావా అని కూడా అడక్కుండా ప్లేటు బల్లమీద పెట్టి తను ఒకటి తినసాగింది. కాసేపటికి ఆ పిల్ల చెయ్యి కూడా ప్లేటులోకి వచ్చింది. శ్రమకాలపు పట్టపగలు, సంఘ పెద్ద కూతురూ మనవరాలూ షట్టరు చాటున కూర్చుని ఇడ్లీ తిన్నారు. దేవుడు చూసి సంతోషించే ఉంటాడు.

తర్వాత నీరజ చేసిన పనులు వరసగా జరిగాయి. ఆ పిల్లను ఒంటరిగా వదల్లేదు. బాపట్లకి అన్నకు ఫోను చేసి, కంగారుపెట్టకుండా, ఉన్నదున్నట్టు చెప్పింది. లాజరు పని మధ్యలో లేచి బస్సెక్కాడు. మార్తమ్మ అంగన్‌వాడీనుంచి నేరుగా కొట్టుకొచ్చి కూతురి పక్కన కూర్చుంది. నాకెందుకు చెప్పలేదే అని ఒక్కసారి అడిగి, నీరజ కళ్ళతో వద్దంటే ఆగిపోయి, పిల్ల జుట్టు దువ్వడం మొదలెట్టింది. రేపు పొద్దున్నే తెనాలి ఆసుపత్రిలో మనసుకి వైద్యం చేసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాలని ముగ్గురూ అనుకున్నారు.

ఇక మిగిలింది ఎబినేజర్ గారు. ఆయన సాయంత్రం ప్రార్థనకు బయల్దేరుతుంటే గుమ్మంలో లాజరూ నీరజా సంగతి చెప్పారు. ఆయనకి ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక కోపం వచ్చింది. పిల్ల భక్తిలో ఉంటే పిచ్చంటారేంటి అన్నారు. పిచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారని తెలిస్తే రేపు ఎవరు చేసుకుంటారన్నారు. ఊరందరికీ చెప్పుకున్న నాలుగో మాట సంగతేంటన్నారు. చివరికి తన బలమైన బాణం తీశారు: "ప్రార్థన మీద నమ్మకం లేదా మీకు?"

లాజరు తల వంచుకున్నాడు. తండ్రికి ఎదురుచెప్పడం అతని వల్ల కాదు. నీరజే అంది:

"నీ కంటికి పొర కమ్మినప్పుడు ప్రార్థన చేశాం నాన్నా. చేసి, తెనాలి తీసుకెళ్ళి ఆపరేషను కూడా చేయించాం. అప్పుడు నువ్వు మమ్మల్ని ఈ మాట అడగలేదు."

ఆయన కండువా భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. ఆ రోజు ప్రార్థనలో ఎబినేజర్ గారు నోరు తెరవలేదని, తమకు తెలిసి అలా ఎప్పుడూ జరగలేదని చూసినవాళ్ళు చెప్పారు.

మర్నాడు పొద్దున నీరజ, మార్తమ్మ, కెజియా స్టేషనుకి వెళితే ప్లాటుఫారం బెంచీ మీద ఆయన ముందే కూర్చుని ఉన్నారు. చేతిలో నీళ్ళ సీసా, సంచిలో నాలుగు అరటిపళ్ళు. ఎక్కడికి నాన్నా అంటే, "నాకు తెనాలిలో పనుంది" అన్నారు ఎటో చూస్తూ. రైల్లో మనవరాలి ఎదురుగా కూర్చుని, జంపని దాటాక ఒక అరటిపండు ఒలిచి చేతికిచ్చారు. ఆ పిల్ల సగం తింది. మిగతా సగం ఆయన తిన్నారు. ఉపవాసం ఊసు ఇద్దరూ ఎత్తలేదు.

డాక్టరమ్మ కెజియాతో ఒంటరిగా చాలాసేపు మాట్లాడింది. తర్వాత పెద్దవాళ్ళని పిలిచింది. ఇది డిప్రెషన్ అనే జబ్బు, ఆ పిల్ల తప్పూ కాదు, మీ తప్పూ కాదు, నయమవుతుందని ముందే చెప్పింది. మార్కులు పోయి దిగులు రాలేదని, దిగులు వచ్చాకే మార్కులు పోయాయని చెప్పింది. తిండి, నిద్ర, ఇష్టమైన పని, స్నేహితులు, ఇవన్నీ వారాల తరబడి జారిపోతుంటే వయసు అనో చదువు అనో భక్తి అనో సరిపెట్టుకోకూడదట. ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం చూస్తే ఇక ఒక్క పూట కూడా ఆగకూడదట. అడిగితే ఆలోచన పుడుతుందన్న భయం ఉట్టిదేనట. అడిగినందువల్లే ఈ పిల్ల చెప్పిందని నీరజవైపు చూసి అంది. మాత్రలు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని, అందాకా పిల్లను కనిపెట్టి ఉండాలని, ప్రమాదమైనవేవీ ఇంట్లో అందుబాటులో ఉంచొద్దని, వారం వారం వచ్చి మాట్లాడి వెళ్ళాలని చెప్పింది.

నేను ఏం చెయ్యాలండి అని అడిగారు ఎబినేజర్ గారు. మీరు రోజూ మనవరాలితో ఏం మాట్లాడతారు తాతగారూ అందావిడ. మా అమ్మాయి లెక్కల పరీక్ష నాలుగుసార్లు రాసి గెలిచిన సంగతి చెబుతుంటానన్నారాయన, వెన్ను నిటారు చేసుకుని.

"కొన్నాళ్ళు ఎవరి గెలుపులూ చెప్పకండి. పక్కన కూర్చోండి చాలు" అంది డాక్టరమ్మ.

ఆయనకది ఉపవాసంకంటే కఠినమైన దీక్ష. చేశారు. రోజూ మధ్యాహ్నం మనవరాలి గదిలో కుర్చీ వేసుకుని, ఏమీ మాట్లాడకుండా వేరుశనక్కాయలు ఒలుస్తూ కూర్చునేవారు. ఒలిచినవి గిన్నెలో పోసి ఇద్దరి మధ్యా పెట్టేవారు. పెళ్ళిళ్ళలో మైకు దొరికితే వదలని మనిషి, ఆ ఎండాకాలమంతా శనక్కాయల చప్పుడు తప్ప చప్పుడు లేకుండా గడిపారు. ఈ ఘనత కూడా రాయకపోతే అన్యాయం.

శుభ శుక్రవారం వచ్చింది. నాలుగో మాట దగ్గర కెజియా పేరు చదవలేదు. ఎబినేజర్ గారే వేదిక ఎక్కారు. ఏం మాట్లాడబోతున్నారో ముందురోజు మనవరాలికి చెప్పి, నీ పేరు రానివ్వను, మాట్లాడనా అని అడిగి వచ్చారు. జనం గంటసేపటికి సిద్ధపడి కూర్చున్నారు. ఆయన మాట్లాడింది ఇంతే: "ప్రభువంతటివాడు ఆ చీకట్లో తన దుఃఖం దాచుకోకుండా కేకవేశాడు. విశ్వాసం లేదని ఆయన్నెవరూ అనరు. మన పిల్లలు దుఃఖం చెబితే మాత్రం మనం నోరు నొక్కుతున్నాం. ఇంటికెళ్ళి మీ పిల్లల్ని అడగండి. అడిగి, ఊరుకుని వినండి. నాకు ఊరుకోవడం చేతకాదు. ఈ మధ్యనే నేర్చుకుంటున్నాను." వెనక వరసలో ఒక తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఈస్టరు తెల్లవారుజామున తెల్ల డ్రెస్సుల పిల్లలు సమాధుల దగ్గర పాడారు. కెజియా రాలేదు. ఇంట్లో నిద్రపోతోంది. నెలల తర్వాత పట్టిన నిద్ర అని, లేపకుండా వచ్చానని మార్తమ్మ చెబితే, నీరజ ఆ దినం తన గొంతు రెండు మెట్లు పైకెత్తి పాడింది.

ఆ పిల్ల డ్రెస్సు మాత్రం కుట్టడం మానలేదు. అయితే నీరజలాంటి పనిమంతురాలికి కూడా అక్కడ ఒక సందేహం వచ్చింది. పాత కొలతకి కుడితే వదులై, తొడిగినప్పుడల్లా చిక్కిపోయానని ఆ పిల్లకి గుర్తుచేస్తుంది. కొత్త కొలతకి కుడితే, ఇక ఇంతే అన్నట్టుంటుంది. చివరికి ఒంటికి సరిపోయేలా కొత్త కొలతకే కుట్టి, పక్క కుట్ల లోపల రెండంగుళాల గుడ్డ వదిలింది. బయటికి కనపడదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు కుట్టు విప్పి వదులు చేయొచ్చు.

బాగుపడటం కథల్లోలా ఒక్క పాటతో జరగలేదు. మేలో ఒక వారం బాగుండి, జూన్‌లో మళ్ళీ కుంగిపోయింది. ఒకరోజు మాత్రలు విసిరికొట్టింది. లాజరు బాపట్లలో సెలవులు పెట్టి పెట్టి పై అధికారి చేత మాటలు పడ్డాడు. పడి, మళ్ళీ పెట్టాడు. వారం వారం తెనాలి రైలు మాత్రం తప్పలేదు. ఒకసారి తల్లి, ఒకసారి తండ్రి, ఎక్కువసార్లు నీరజ. జూలైలో ఒక మామూలు ఆదివారం, ఏ పండుగా కానిరోజు, పొద్దున్నే కెజియా కొట్టు దగ్గరికొచ్చింది. తెల్ల డ్రెస్సు చేతిలో ఉంది.

"పట్టేస్తోందత్తా. ఊపిరి ఆడట్లేదు" అంది.

ఆ మాట నీరజ చెవికి ఏ పాటకీ తక్కువ కాదు. బ్లేడు తీసుకుని పక్క కుట్లు విప్పింది. తొందరలో రెండుచోట్ల గుడ్డ గీసుకుంటే, "మెల్లగా అత్తా, నువ్వు నిజంగా టైలరువేనా?" అంది కెజియా. వెక్కిరించింది. బల్లమీద కూర్చుని మరీ వెక్కిరించింది.

ఆ ఏడు చదువు పోయింది, పోతే పోయిందన్నారు ఇంట్లో. మళ్ళీ మొదటి సంవత్సరంలోనే చేరి ఈ మార్చిలో పరీక్షలు రాసింది, పాసయింది. మార్కులు ఎన్నని ఎబినేజర్ గారిని అడిగితే, "పిల్ల బాగుందండి" అంటున్నారు. బూందీ మాత్రం పంచారు.

ఇక్కడితో నీరజ పని అయిపోలేదు. ఆరాధనలో కొంగు అడ్డం పెట్టుకున్న ఆ తల్లి ఒకరోజు జాకెట్టు వంక పెట్టుకుని కొట్టుకొచ్చి, కొలతలిస్తూ ఇస్తూ కొడుకు సంగతి బయటపెట్టింది. అంగలకుదురునుంచి వచ్చే ఒక టీచరుగారు చెల్లెలి కూతురి సంగతి చెప్పింది. ఆడవాళ్ళు కొలతలిచ్చేటప్పుడు చెప్పే మాటలు పాస్టరుగారికి కూడా చెప్పరు. నీరజ విని, సలహాలు చెప్పకుండా, తెనాలి దారి చెప్పి, కావాలంటే రైలెక్కించి తనూ ఎక్కుతోంది. కొట్లో అద్దం పక్కన గోడమీద కెజియా చేత రంగుతో 14416 అని రాయించింది. మనసు బాగోలేనివాళ్ళు ఏ వేళలోనైనా ఉచితంగా తెలుగులో మాట్లాడగలిగే ప్రభుత్వ ఫోను నంబరది. సండేస్కూల్లో పాపం గురించి చెప్పే ఒక పాఠాన్ని పాస్టరుగారితో కూర్చుని మార్పించింది. ఎబినేజర్ గారు ఆ పాఠం తనే చెబుతానన్నారు, క్లుప్తంగా చెబుతానని మాటిస్తేనే పాస్టరుగారు ఒప్పుకున్నారు.

ఈ మే నెలలో, పిల్లలతో మెలిగే ఆడవాళ్ళకు ఇలాంటి జబ్బులు గుర్తుపట్టడంలో విశాఖపట్నంలో మూడు వారాల శిక్షణ ఉందని తెలిస్తే, సంఘం ఒక్కమాట మీద నీరజను పంపింది. రేపల్లెనుంచి ఆ శిక్షణకు వెళ్ళిన మొదటి మనిషి నీరజే. పదో తరగతి లెక్కల్లో ముప్పై ఆరు వచ్చిన మనిషి అక్కడ డాక్టర్ల పక్కన కూర్చుని రాసుకుంటోంది. దేవునికి స్తోత్రం, నీరజకి సంఘమంతటి తరఫునా వందనం.

మిషను ఆగి ఉందేగాని కొట్టు మూతపడలేదు. సాయంత్రాలు కెజియా షట్టరెత్తి, కుట్టుకిచ్చే గుడ్డలు తీసుకుంటోంది. ఆడపిల్లల పాటల సాధన కూడా అక్కడే, ఆ బల్ల చుట్టూనే జరుగుతోంది. వచ్చిన గుడ్డలన్నీ వరసలో పేర్చి ఉన్నాయి. అన్నిటికంటే పైన నీలం రంగు గుడ్డ ఒకటి ఉంది, మొన్న తెనాలిలో కెజియా తనకోసం తనే ఏరుకుని కొనుక్కుందట. ముందు ఇచ్చినవాళ్ళుండగా నీది పైనెందుకు పెట్టావే అని మార్తమ్మ అడిగితే, "అత్త దిగగానే ముందు నా కొలతే తియ్యాలి" అంది. అత్త వచ్చే తేదీ వేసి, దానిమీద గుండుసూదితో చీటీ గుచ్చింది: కెజియా, జూన్ 7, ఆదివారం.